హంపన్న కేసు – సాక్షి రక్షణము

నేరవిచారణ జరుగునపుడు బోనులో నిలుచువాడు ముద్దాయి యొక్కడే యని లోకము తలచును. అది పూర్తిగ నిజము కాదు. కొన్ని కేసులలో ముద్దాయితోపాటు ఆ కాలపు చట్టముగూడ విచారణకు వచ్చును. ఆ చట్టమును నడపువారును, దానిని చూచి యూరకుండు సంఘమును విచారణకు వత్తురు. అట్టి కేసులు న్యాయాధిపతి లేచిపోయినంతమాత్రమున ముగియవు. ముద్దాయి విడుదలయైనను సంఘముమీది యభియోగము మిగిలియే యుండును. దానికి సమాధానము చెప్పుటకు ఒక తరము చాలవచ్చును, నాలుగు తరములు పట్టవచ్చును.

అమెరికాదేశ చరిత్రను వ్రాయువారు స్కాట్స్‌బరో కేసును, ఎమ్మెట్ టిల్ కేసును విడిచి వ్రాయజాలరు. మన అనంతపురపు సీమలో 1893వ సంవత్సరమున జరిగిన హంపన్న కేసు వానికి తీసిపోవునది కాదు. అయినను గుంతకల్లు, గుత్తి ప్రాంతములను దాటి ధర్మవరము, ముదిగుబ్బ, కదిరి వైపు వచ్చినచో ఆ పేరు ఎరిగినవారు అరుదుగ కనబడుదురు. 2022లో జిల్లా రెండుగా చీలి ముదిగుబ్బ శ్రీసత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా చీలినంతమాత్రమున చరిత్ర చీలదు. ఆ కేసును నేడు మరల తలచుకొనుట గతవైభవమును పొగడుటకు గాదు, పరదేశీయులను మరల తిట్టుటకును గాదు. ఆ కేసు అడిగిన ప్రశ్నకు మనము ఇంకను పూర్తిగ జవాబు చెప్పలేదు గనుకనే దానిని ఎత్తుకొనుచున్నాము.

జరిగిన సంగతి ఇది. హంపన్న గుళపాళ్యమువాడు, గుంతకల్లు వద్ద రైల్వే గేటు కాపలాదారు. 1893 అక్టోబరు 4వ తేదీన, రైలుమీద పోవుచు అక్కడ విడిసిన తెల్లసైనికులలో కొందరు ఇద్దరు హిందూస్త్రీలను తరుముకొని వచ్చిరి. ఆ స్త్రీలు పరుగెత్తి వచ్చి హంపన్న కాపలాయింటిలో దూరిరి. హంపన్న సైనికులకు అడ్డము నిలిచెను. అతని చేత తుపాకి లేదు. వెనుక దొర లేడు. నెలజీతము తప్ప ఆస్తి లేదు. ఆ స్త్రీలు అతని బంధువులని గాని, అతనికి ఎరుకపడినవారని గాని ఎక్కడను చెప్పబడలేదు. సైనికులలో నొకడు అతనిని తుపాకితో కాల్చెను. మరునాడు, అనగా అక్టోబరు 5వ తేదీన, అతడు మరణించెను.

ఒక సైనికునిపై హత్యానేరము మోపబడినది. కేసు మద్రాసు హైకోర్టుకు పోయినది. ముద్దాయి నిర్దోషి యని విడువబడెను. గుంతకల్లులో నొక మనుష్యుడు స్త్రీల మానమును కాపాడబోయి తుపాకిగుండు తిని చనిపోయినాడు. చంపినవాడు మాత్రము చట్టము లెక్కలో ఎవడును లేడు. ఇదియే ఆ కేసు ఫలితము.

ఈ ఫలితమును ఒక జూరీ పక్షపాతమని చెప్పి విడుచుట సులభము. దాని వేరు అంతకంటె లోతుగ నున్నది. నాటి చట్టము ప్రకారము యూరోపియను బ్రిటిషు ప్రజ హత్య చేసినచో జిల్లాలోని కోర్టులకు విచారించు అధికారము లేదు, హైకోర్టే విచారింపవలెను. గుంతకల్లునుండి మద్రాసునకు 400 కిలోమీటర్లకు పైబడిన రైలు ప్రయాణము. తెలుగు, కన్నడములు మాత్రమే వచ్చిన సాక్షులు అంతదూరము పోయి, ఇంగ్లీషులో నడచు విచారణలో, దుబాసీ నోట తమ మాట చెప్పవలెను. ఎదుట కూర్చుండు జూరీ ఎట్టిది? 1883లో రిప్పన్ ప్రభువు వైస్రాయిగా నుండగా ఇల్బర్టు బిల్లు వచ్చినది. భారతీయ న్యాయాధికారులు యూరోపియనులను విచారించుటకు అది వీలు కల్పింపబోగా, తెల్లవర్తకులును తోటల దొరలును దేశమంతట గగ్గోలు పుట్టించిరి. తుదకు 1884లో నొక రాజీ కుదిరినది: యూరోపియను ముద్దాయి కోరినచో జూరీలో సగమునకు తగ్గకుండ యూరోపియనులుగాని అమెరికనులుగాని ఉండవలెను.  అనగా నేరస్థుని జాతివారే నేరమును తూచువారలు. హతుని జాతివారు బయట నిలిచి తీర్పు వినవలసినవారలు.

ఇట్టి తీర్పులకు హంపన్న కేసు మొదటిది కాదు. 1876లో ఆగ్రాలో ఫుల్లరు అను ఇంగ్లీషు వకీలు తన గుర్రపువానిని కొట్టగా వాడు మరణించెను. మేజిస్ట్రేటు విధించిన శిక్ష 30 రూపాయల జరిమానా. నాటి వైస్రాయి లిట్టన్ ప్రభువే ఆ తీర్పును బహిరంగముగ ఖండింపవలసి వచ్చినది. పాలకులలో గూడ మనస్సాక్షి గలవారు లేకపోలేదు. అయినను తూకపురాళ్లే తప్పుగ నున్నపుడు తూచువాని మంచితనము కొంతవరకే పనిచేయును.

హంపన్న కేసునకు మద్రాసులో ఓటమి కలిగినను గుత్తిలో నొక వకీలు దానిని చావనీయలేదు. ఆయన గుత్తి కేశవపిళ్ళె. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు తెలుగుసీమనుండి పోయిన కొద్దిమందిలో నొకడు. హిందూ పత్రికకు విలేఖరి. జరిగినది జరిగినట్లుగ పత్రికకు వ్రాసి, గుంతకల్లు గేటువద్ద ముగిసిపోవలసిన సంగతిని రాజధానియంతట చర్చకు తెచ్చెను. పరప్రభుత్వపు ఉద్యోగుల మధ్య, చిన్న పట్టణములో వకీలువృత్తితో బ్రతుకువానికి అది ఎంత కష్టమైన పనియో పాఠకులు ఊహింపగలరు. హంపన్న స్మారకముగ గుత్తిలో రాతికట్టడము వెలసినది. తెల్లసైనికులు తరుమగా ఇద్దరు హిందూస్త్రీలను రక్షింపబోయి ఇతడు చనిపోయెనని ఆ రాతిమీద చెక్కియున్నది. కోర్టు వ్రాయనొల్లని వాక్యమును ప్రజలు రాతిమీద వ్రాసిరి. రాజు ఎదుట ప్రజలందరు సమానులేనను మాటను అంతవరకు నమ్మిన చదువరులు, ఆ సమానత్వము కోర్టు గడపదాటి లోపలికి పోవుట లేదని ఇట్టి కేసులవలననే తెలిసికొనిరి. స్వరాజ్యకాంక్షకు ఉపన్యాసములు ఎంత దోహదము చేసెనో ఇట్టి తీర్పులును అంత దోహదము చేసెను.

చట్టము మారుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1923లో జాతిభేదములు కొంత తగ్గించిరి. 1949లో, స్వతంత్ర భారతమున, జాతివివక్షను తొలగించు చట్టము వచ్చి ఆ మిగిలినదానిని తుడిచివేసినది. హంపన్న చనిపోయిన నాటికిని దీనికిని నడుమ 56 ఏండ్లు గడచినవి. జూరీపద్ధతియు పిమ్మట పోయినది. 1959లో బొంబాయిలో నావికాదళాధికారి నానావతి కేసున, జూరీ ఎనిమిదిమంది ఒకవైపు, ఒకడు ఒకవైపుగ నిర్దోషి యని చెప్పగా, సెషన్సు జడ్జి సమ్మతింపక హైకోర్టుకు పంపెను. హైకోర్టు యావజ్జీవశిక్ష విధించెను. 1961లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. పత్రికల కోలాహలమునకు లొంగు జూరీ మనకు తగదను భావము బలపడినది. 1973 నాటి శిక్షాస్మృతిలో జూరీకి చోటే లేదు.

ఇక అమెరికాలోని కేసులను చూతము. మన కథకును వారి కథకును వరుస కుదురుట ఆశ్చర్యకరము. నల్లజాతివారిని చట్టముచేతనే జూరీనుండి తొలగించుట చెల్లదని వారి సుప్రీంకోర్టు 1880లోనే చెప్పినది. చట్టములో తీసివేసినదానిని దక్షిణరాష్ట్రములవారు ఆచారములో నిలుపుకొనిరి. 1931 మార్చి 25వ తేదీన అలబామా రాష్ట్రమున సరకుల రైలులో పోవుచున్న తొమ్మిదిమంది నల్లజాతి బాలురను దింపి, ఇద్దరు తెల్లస్త్రీలను చెరచిరని నేరము మోపిరి. స్కాట్స్‌బరో పట్టణమున తెల్లవారి జూరీల యెదుట విచారణ నడచినది. పట్టుబడిన రెండు వారములు దాటీదాటకముందే ఎనిమిదిమందికి మరణశిక్ష పడినది. తరువాత ఆ స్త్రీలలో నొకతె తాను చెప్పినది అబద్ధమని 1933లో కోర్టులోనే ఒప్పుకొన్నది. ఆ కేసునుండియే రెండు గొప్ప తీర్పులు పుట్టినవి: మరణశిక్ష పడదగిన కేసులో ముద్దాయికి నిజముగ పనిచేయు వకీలు నీయవలెనని 1932లోను, నల్లజాతివారిని జూరీలనుండి వరుసగ తొలగించుట చెల్లదని 1935లోను సుప్రీంకోర్టు చెప్పినది. ఆ బాలురలో ఎవరును ఉరి తీయబడలేదు. వారి యౌవనము మాత్రము చెరసాలలో పోయినది. అలబామా రాష్ట్రము తుది క్షమాపణపత్రములను 2013లో, వారందరు చనిపోయిన తరువాత, వ్రాసియిచ్చినది.

టిల్ కేసు మన హంపన్న కేసునకు మరింత చేరువ. 1955 ఆగస్టులో షికాగోనుండి మిసిసిపీలోని బంధువుల యింటికి వచ్చిన 14 ఏండ్ల నల్లబాలుడు ఎమ్మెట్ టిల్, అంగడిలో నొక తెల్లస్త్రీతో తప్పుగ ప్రవర్తించెనని, ఇద్దరు తెల్లవారు రాత్రివేళ వచ్చి ఎత్తుకొనిపోయి చంపి నదిలో పడవేసిరి. పండ్రెండుగురు తెల్లవారి జూరీ 67 నిమిషములలో వారిని నిర్దోషులని విడిచినది. కొద్ది నెలలకే ఆ ఇద్దరు, తామే చంపితిమని ఒక పత్రికకు సొమ్ము పుచ్చుకొని చెప్పిరి. ఒకే నేరమునకు రెండవసారి విచారణ కూడదను చట్టము వారిని కాపాడినది.

ఆ కేసులో ముద్దాయిలను తలచువారు నేడు లేరు. తలచుచున్నది ఇద్దరిని. ఒకతె ఆ బాలుని తల్లి. పెట్టెమూత తెరచియే ఉంచవలెను, నా బిడ్డకు చేసినదానిని లోకము చూడవలెనని పట్టుబట్టి ఛిద్రమైన ఆ శవమును వేలజనమునకు చూపినది. రెండవవాడు మోజ్ రైట్. బాలునికి తాతవరుస యగు వృద్ధుడు. తెల్లవారి భూమిని పాలునకు సేద్యము చేసికొని బ్రతుకువాడు. నల్లవాడు తెల్లవానిపై సాక్ష్యము చెప్పుట ప్రాణాపాయమైన ఆ సీమలో అతడు కోర్టులో లేచినిలిచి, బాలుని ఎత్తుకొనిపోయినవారు వీరేయని వ్రేలు చాచి చూపెను. తరువాత అక్కడ బ్రతుకుట సాధ్యము కాక ఊరు విడిచి షికాగో చేరెను. కేసు ఓడినది గాని ఆ వ్రేలు ఓడలేదు. మూడు నెలలు గడువకముందే మాంట్‌గోమరీ పట్టణమున రోజా పార్క్స్ అను స్త్రీ బస్సులో తన స్థానము విడువననుటయు, పౌరహక్కుల ఉద్యమము దేశమంతట అల్లుకొనుటయు జరిగినవి. మూకహత్యను జాతీయనేరముగ ప్రకటించు చట్టము 2022లో ఆ బాలుని పేరుతోనే వెలసినది.

2020 మే 25వ తేదీన మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతివాడు పోలీసువాని మోకాలిక్రింద చనిపోయినపుడు, 17 ఏండ్ల బాలిక యొకతె ప్రక్కన నిలిచి జరిగినదంతయు ఫోనులో చిత్రించినది. విచారణలో ఆ నగరపు పోలీసు అధిపతియే సాక్షిగ వచ్చి, తన క్రింద పనిచేసినవాడు చేసినది తప్పని చెప్పెను. 2021 ఏప్రిల్ 20వ తేదీన జూరీ, ముద్దాయిని దోషి యన్నది. ఆ పండ్రెండుగురిలో నల్లజాతివారును మిశ్రజాతివారును కలిసి ఆరుగురు. 1955 నాటి జూరీకిని 2021 నాటి జూరీకిని గల భేదము తనంతట వచ్చినది కాదు. నడుమ గడచిన 66 ఏండ్లలో సంఘము తన యభియోగమునకు కొంత సమాధానము చెప్పుకొన్నది. ఇంకను చెప్పవలసినది చాల గలదని ఆ దేశమువారే ఒప్పుకొందురు.

ఈ కేసులన్నిటినుండి తేలు సారమును స్పష్టముగ చెప్పెదము. న్యాయమునకు రెండు కాళ్లు: పక్షము లేని న్యాయనిర్ణేత, భయము లేని సాక్షి. హంపన్న నాడు మొదటి కాలు విరిగియుండెను. తెల్లవాని రాజ్యము పోయినది, జాతిజూరీ పోయినది. మొదటి కాలు కొంత బాగుపడినది. రెండవ కాలి సంగతి ఏమి? మన సీమలో కేసు ఓడిపోవుటకు నేడు న్యాయాధిపతి జాతి కారణము కాదు. సాక్షి కోర్టులో నిలిచి, నేను చూడలేదు, పోలీసులు వ్రాసికొన్నది నేను చెప్పలేదు, అని మాట మార్చుటయే తరచుగ కారణమగుచున్నది.

రాయలసీమ ముఠాకక్షల చరిత్రను ఇక్కడ విప్పనక్కరలేదు. ఇది చదువు కుటుంబములలోనే ఆ గాయములు గలవు. పగలు, అందరి యెదుట, నడివీధిలో జరిగిన హత్యకు చూచినవాడు ఒక్కడు లేకపోవుట మన గ్రామములలో వింతగ తోచదు. హత్య రాజీపడదగిన నేరము గాదని చట్టము చెప్పును. కోర్టులో రాజీ కుదరదు గనుక రాజీ బయట కుదురును. అది సాక్షి నాలుకమీద అమలగును. పెద్దమనుష్యులు కూర్చుండి సొమ్ము నిర్ణయించి, ఉభయులచేత చేతులు కలిపించి, తరువాత సాక్షులకు కబురు పంపుదురు. ఆ దినమునుండి సాక్షి కండ్లు కనబడవు.

కోస్తాసీమయు ఈ కష్టమునకు అతీతము గాదు. నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన దళితుల ఊచకోత జరిగినది. బాధితులు పోరాడి ఆ గ్రామములోనే ప్రత్యేకన్యాయస్థానమును తెప్పించుకొనిరి. సాక్షులు దూరము పోనక్కరలేకుండ న్యాయస్థానమే సాక్షుల చెంతకు వచ్చుట మన దేశచరిత్రలో చెప్పుకొనదగిన సంగతి. హంపన్న కేసులో గుంతకల్లువారు మద్రాసు పోవలసివచ్చిన దుర్దశకు ఇది సరిగ విరుగుడు. అయినను తీర్పు వచ్చుసరికి 16 ఏండ్లు గడచినవి. 2007లో 21 మందికి యావజ్జీవశిక్ష పడినది. 2014లో హైకోర్టు, నేరము నిరూపింపబడలేదని అందరిని విడిచినది. ఏండ్లు గడచినకొలది సాక్షి జ్ఞాపకము సడలును. సడలిన జ్ఞాపకమును చీల్చుట ఎదుటి వకీలునకు కష్టము కాదు. ఆలస్యముగూడ సాక్షిని చంపు ఆయుధమే.

ముదిగుబ్బ ప్రాంతపు రైతు ఈ సంగతిని తన అనుభవమునుండియే గ్రహింపగలడు. ఇది మెట్టసీమ. వాన పడినచో వేరుశనగ, లేనిచో బీడు. బోరు ఎండినవాడు ప్రక్కవాని బోరునీటిమీద ఆధారపడును. విత్తనమునకు, ఎరువునకు షావుకారి అప్పుమీద ఆధారపడును. భూమిలేనివాడు కూలికై పదిమంది రైతుల గడప తొక్కవలెను. నీరును, అప్పును, కూలియు ఎవని చేతిలోనున్నవో వానికి వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పుట యన్నది ఈ సీమలో తుపాకి కంటె ముందు కడుపునకు తగులు దెబ్బ. బెదిరింపునకు కత్తి అక్కరలేదు. ఈ తడికి నీరు విడువనన్న మాట చాలును. కరవు వచ్చినపుడు కుటుంబములు బెంగుళూరునకు వలసపోవును. సమను వచ్చునాటికి సాక్షి ఊరిలో నుండడు. ఉన్నను కదిరికో ధర్మవరమునకో అనంతపురమునకో పోయి, ఆ దినపు కూలి పోగొట్టుకొని, సాయంకాలము వాయిదా పడినదని విని తిరిగివచ్చును. మూడుమార్లు అట్లు జరిగినచో నాలుగవమారు అతడు ఎవరు ఏమి చెప్పుమన్నను చెప్పి విముక్తి కోరును. అతనిని పిరికివాడనుటకు మనకేమి హక్కు గలదు?

దీనికి రెండు ఆక్షేపణలు చెప్పువారు గలరు. రెండును తోసివేయదగినవి కావు. రాజీవలన ఊరు చల్లబడును, కేసు నడచినకొలది పగ పెరుగునని కొందరందురు. పొలముగట్టు తగాదాకు, నీటికాలువ తగాదాకు ఈ మాట నిజము. అట్టివానిని ఊరిలోనే తీర్చుకొనుట మంచిది. హత్యకును, స్త్రీలపై బలాత్కారమునకును ఈ మాట నిజము కాదు. చంపినవాడు సొమ్ము చెల్లించి బయటపడినచో చావునకు ధర ఏర్పడినదని అర్థము. ధర ఏర్పడిన సరకు సంతలో మరల మరల అమ్ముడుపోవును. ఆగ్రాలో 30 రూపాయల జరిమానా విని రోషపడిన జాతి, తన ఊరిలో లక్షలకు కుదిరిన బేరము విని శాంతి యని సంతోషించుట ఎట్లు పొసగును?

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ముఠాకక్షల కేసులలో చూచినవాడు నోరు మూయుట ఒకటి, చూడనివాడు నోరు తెరచుట మరియొకటి. చంపినవారు ముగ్గురైనచో ఫిర్యాదులో ఎదుటిపక్షపు పెద్దలందరి పేర్లను చేర్చుట గలదు. అట్టి కేసులో నిజమైన ముగ్గురును అబద్ధపు పదిమందితో కలిసి బయటపడుదురు. ఇది నిజమే. అయితే ఈ రెండును వేరువేరు రోగములు గావు. సాక్షి తాను చూచినదానికి గాక తన పక్షమునకు కట్టుబడియుండుటయే రెండింటికిని మూలము. మద్రాసు హైకోర్టులో నాటి తెల్లజూరీ చేసినదియు అదియే. వారు చంపినవాడు ఏమి చేసెనని చూడలేదు, ఎవరివాడని చూచిరి. మనము ఆ జూరీని నిందించి, మన ఊరి హత్యలో ఎవరివాడను ప్రశ్ననే మొదట వేసికొన్నచో హంపన్న రాతికి మ్రొక్కు హక్కు మనకు లేదు.

చేయవలసినదేమి? మొదట ప్రభుత్వము చేయవలసినది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, చట్టము వచ్చువరకు అదియే దేశమంతట చట్టమువలె చెల్లునని చెప్పినది. దాని ప్రకారము ప్రతి జిల్లాలోను జిల్లా సెషన్సు జడ్జి అధ్యక్షుడుగ, పోలీసు అధిపతియు ప్రాసిక్యూషను అధిపతియు సభ్యులుగ నొక సంఘ ముండవలెను. బెదిరింపునకు గురియైన సాక్షి దానికి అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ ప్రాంతపు పోలీసు డిప్యూటీ సూపరింటెండెంటు అపాయమెంతో విచారించి ఐదు పనిదినములలో నివేదిక పంపవలెను. ప్రాణాపాయము మొదలుకొని వేధింపువరకు అపాయమును మూడు తరగతులుగ విభజించి, ఇంటికి కాపలా, విచారణలో ముద్దాయికి ముఖము కనబడకుండు ఏర్పాటు, అవసరమైనచో నివాసము మార్పు మున్నగు రక్షణ కల్పించిరి. 2024 జులై 1వ తేదీన అమలునకు వచ్చిన నాగరిక సురక్షాసంహిత, ప్రతి రాష్ట్రమును ఇట్టి పథకమును ప్రకటింపవలెనని విధించినది. పదేండ్లు అంతకు పైబడిన శిక్ష పడదగిన నేరములలో పోలీసులు తెచ్చిన సాక్షి వాఙ్మూలమును మేజిస్ట్రేటు వ్రాసికొనవలెననియు అదే సంహిత చెప్పుచున్నది. తప్పుడు సాక్ష్యమునకై బెదిరించువానికి ఏడేండ్లవరకు శిక్ష గలదు. సాక్షికి ప్రభుత్వఖర్చుతో బత్తా యిప్పించు అధికారము కోర్టులకు మునుపటినుండియు గలదు.

చట్టములు ఇన్ని గలవు. వీనిని ముదిగుబ్బ కూలివాడు ఎట్లు తెలిసికొనును? పథకము కాగితము ప్రతి పోలీసు ఠాణాలోను, గ్రామ సచివాలయములోను తెలుగులో అంటింపవలెను. సమనుతోపాటే అర్జీ నమూనా నీయవలెను. బత్తా ఆ సాయంకాలమే చేతికి రావలెను. సాక్షి వచ్చిన దినమున అతని సాక్ష్యము తీసికొనక వాయిదా వేయుట బహు అరుదుగ జరుగవలెను. ముద్దాయి మనుష్యులు నిలిచిన చెట్టుక్రిందనే సాక్షియు నిలువవలసిన స్థితి పోయి, అతనికి వేరు గది యుండవలెను. ఇవి కోట్లు ఖర్చుపడు పనులు కావు.

రెండవది, భూస్వాములును పట్టణపు పెద్దలును చేయవలసినది. ఇది ప్రభుత్వపు పనికంటె కష్టమైనది. హత్యకును, స్త్రీలపై నేరమునకును పంచాయతీ చేయుటకు కూర్చుండమని మీరు ఒక్క నిర్ణయము చేసికొనుడు. మీ బోరునీటిని, మీ కూలిని, మీ అప్పును ఎవని సాక్ష్యముతోను ముడిపెట్టకుడు. మీ పక్షమువాడు తప్పు చేసినపుడు, అతనికి మంచి వకీలును పెట్టుడు; అది అతని హక్కు. సాక్షి యింటికి మాత్రము మనుష్యులను పంపకుడు. మినియాపొలిస్ పోలీసు అధిపతి తనవానిపై సాక్ష్యము చెప్పి తన శాఖ గౌరవమును తగ్గించుకొనలేదు, నిలుపుకొన్నాడు. ఊరిపెద్ద గౌరవముగూడ అట్టిదే. సాక్ష్యము చెప్పినవానిని ఊరు వెలివేయకుండ చూచుట ఆ పెద్దరికము చేయదగిన మొదటి పని.

మూడవది పత్రికల పని. హత్య జరిగిన మరునాడు మొదటిపుటలో అచ్చువేసి, ఐదేండ్ల తరువాత సాక్షులు మారి కేసు కొట్టివేయబడినపుడు మూలలో నాలుగు పంక్తులు వేయుట పత్రికాధర్మము కాదు. కేశవపిళ్ళె గుండు ప్రేలిన దినముతో ఆగిపోలేదు. విచారణ ముగిసిన తరువాతగూడ వ్రాసెను. కోర్టులో నడచుచున్న కేసును గూర్చి ముందుగ తీర్పు చెప్పుట మాకు తగదు. కేసు ఎన్ని వాయిదాలు పడినదో, ఎందరు సాక్షులు ఎందుకు మాట మార్చిరో చెప్పుట మాత్రము మాకు తగును, చెప్పకుండుటయే తగదు.

హంపన్న చదువుకొన్నవాడని గాని, దేశభక్తిని గూర్చి ఉపన్యాసము విన్నవాడని గాని మనకు ఆధారము లేదు. ఆపదలోనున్నవారు ఎవరివారని అతడు అడుగలేదు. వెంటబడినవారి బలము ఎంతయని లెక్కింపలేదు. అంతటి ధైర్యమును ప్రతి సాక్షినుండి కోరుటకు మనకు అధికారము లేదు. అంతటి ధైర్యము లేకయే సామాన్యుడు నిజము చెప్పి క్షేమముగ ఇల్లు చేరు స్థితిని కల్పించుటయే నాగరికసంఘము చేయవలసిన పని. నిజము చెప్పుటకు ప్రతివాడును హంపన్న కావలసివచ్చు సీమలో న్యాయస్థానము లున్నను న్యాయము లేదు. ముదిగుబ్బనుండి ఒక కూలివాడు కోర్టుకు పోయి, తాను చూచినది చెప్పి, మరునాడు అదే రైతు పొలములో కూలికి పోగలిగిననాడు ఆ గుత్తి రాతికి మనము చెల్లింపవలసిన ఋణము తీరును. అంతవరకు ఆ కేసు విచారణలోనే యున్నట్లు మనము ఎంచవలెను.